సరిపోతుందని రాసి, సరిపోని సామాను అమ్ముతారా?

ఆన్‌లైన్‌లో కొన్న బ్రేకు ప్యాడ్లను మెకానిక్ చేతికిస్తే, వాటి ఇనుప పలక చెవులు, ప్యాడ్లను పట్టి ఉంచే క్యాలిపర్ గాడిలో దిగక, ఆయన ఆకురాయితో అరగదీయవలసి వచ్చింది. ప్యాడ్ అరిగిపోయినప్పుడు కీచుమని హెచ్చరించే చిన్న రేకు అసలు లేనే లేదు. అట్టపెట్టె మీద మాత్రం కారు మోడలు, తయారైన సంవత్సరాలు, కంపెనీ సామానుతో సమానమన్న హామీ అందంగా అచ్చయ్యాయి.

సీటు కవరు నాసిరకమైతే సర్దుకుపోతాం గాని, ఇంటిల్లిపాది ప్రాణాలు ఆధారపడే బ్రేకులను ఇలా అమ్మడానికి మనసెలా ఒప్పుతుంది? వెనక్కి పంపుతామంటే, ఒకసారి బిగించిన సామాను తీసుకోబోమని విక్రేత జవాబిచ్చాడు. బిగించి చూడకుండా సరిపోదని తెలిసేదెలా? లోపమున్న వస్తువును, ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువును వెనక్కి తీసుకోవడానికి విక్రేత నిరాకరించరాదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు స్పష్టంగానే చెబుతున్నాయి.

విజయవాడ ఆటోనగర్‌లోనైతే పాత ప్యాడ్‌ను బల్ల మీద పెట్టి, కొత్తదాన్ని పక్కన ఆనించి, చెవి చెవికీ పోల్చుకున్నాకే డబ్బు చెల్లిస్తాం. ఆ వీలు లేనిచోట పలక కొలతలైనా, ప్యాడ్ వెనుక వైపు నిజమైన ఫొటో అయినా ఇవ్వని వారికి బ్రేకు సామాను అమ్మే అర్హత లేదు.