పాన్ ఇవ్వకూడదట, ఓటీపీ మాత్రం ఇచ్చెయ్యాలట!

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు ఏడుసార్లు వచ్చింది. మొదట పాలకొల్లు నుంచి మా తోడికోడలు, తర్వాత లేసు గ్రూపు, ఆ తర్వాత డ్వాక్రా గ్రూపు, నిన్న రాత్రి పదకొండింటికి మా పిన్నిగారు. పిన్నిగారు పంపి ఊరుకోలేదు. "చూశావా అమ్మాయ్, నే చెప్తే విన్నావు కాదు" అని ఓ వాయిస్ కూడా పెట్టారు. నరసాపురం పక్కన పల్లెలో కూర్చుని నాలుగేళ్లుగా డాయిలీలు (బల్ల మీద, గిన్నెల కింద వేసే చిన్న లేసు గుడ్డలు), కుషన్ కవర్లు, టేబుల్ క్లాత్‌లు ఫోన్లో అమ్ముకుంటున్నదాన్ని. ఆయ్, నాకూ కాస్త తెలుసండి.

చూడనివాళ్లు ఎవరైనా మిగిలుంటే, మెసేజ్ సారాంశం ఇది: చేతిపని అమ్ముకునే అక్కచెల్లెళ్లకు హెచ్చరిక. ఆన్‌లైన్ పేమెంట్ ఖాతాకి వెరిఫికేషన్ అంటే నమ్మకండి. పాన్ ఇచ్చారో, జీఎస్టీ నోటీసు వస్తుంది. మీ ఖాతాలో రూపాయి పడిందో, మిగతాదంతా ఊడ్చేస్తారు. దుకాణం లైసెన్సు లేనివాళ్లకి ఎలాగూ అవ్వదు. మన లేసుకి జీఐ (ఈ సరుకు ఫలానా ఊరిదని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చింది కాబట్టి అసలు అక్కర్లేదు. మరీ తప్పదనుకుంటే, వెరిఫై అయిన ఖాతా ఉన్న కుర్రాడి నంబరు కింద ఉంది, నూటికి ఐదు తీసుకుని మీ డబ్బు తన ఖాతాలో వేయించుకుని ఇస్తాడు, ఓటీపీ వస్తే చెప్తే చాలు. పదిమందికి పంపండి.

జీఐ సంగతి ముందు తేల్చేద్దాం, ఒక్క నిమిషం పని. నరసాపురం క్రోషా లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. అది లేసుకి వచ్చింది, మనకి కాదు. బందరు లడ్డూకీ జీఐ ఉంది, అందుకని లడ్డూ కొట్టువాణ్ణి బ్యాంకు వాళ్లు నీ పేరేంటని అడగడం మానేశారా?

దుకాణం లైసెన్సు. ఇంట్లో మడతమంచం మీద కూర్చుని అల్లేదానికి దుకాణమేంటండీ! వెరిఫికేషన్ ఫారంలో 'వ్యక్తి' అనో 'రిజిస్టర్ కాని వ్యాపారం' అనో ఉంటుంది, అది నొక్కాలి. సొంత పాన్, సొంత పొదుపు ఖాతా. చాలాచోట్ల అంతే. వ్యాపారానికి ఆధారం చూపించమని పట్టుబడితే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంది, చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చేది. 2020 జూలై 1 నుంచి నడుస్తోంది, ఆధార్‌తో అవుతుంది, కాగితాలు ఎక్కించక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. దానికి రెండు వేలు అడిగారంటే మీరు వేరే సైటులో ఉన్నట్టు. చిరునామా చివర గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకోండి.

ఇక ఆ భయంకరమైన రూపాయి.

నాకూ పడింది. సాయంత్రం అరుగు మీద అతుకుపనిలో, అంటే అల్లిన లేసు పువ్వుల్ని కలిపే పనిలో ఉన్నాను, ఒళ్లో పద్దెనిమిది పువ్వులు, నోట్లో దారం. ఫోను టింగుమంది. 1 రూపాయి జమ. వెనకే ఇంకో మెసేజ్: మీ ఖాతా నిర్ధారించబడింది. అయిపోయింది. మీరిచ్చిన ఖాతా నంబరుకి రూపాయి వేసి, అవతల బ్యాంకులో ఆ ఖాతా ఎవరి పేరు మీద ఉందో చూస్తారు, మీరు రాసిన పేరుతో పోలుస్తారు. విదేశీ ఆర్డర్ల సర్వీసు ఒకటుంది, అది రెండు చిన్న మొత్తాలు వేసి, ఎన్ని పైసలు పడ్డాయో మనల్నే రాయమంటుంది. పాస్‌బుక్ మనదైతే మనకి కనిపిస్తుంది కదా, అదీ పరీక్ష. డబ్బు లోపలికి రావడానికి పిన్ అక్కర్లేదు. ఎవరైనా పిన్ కొట్టమన్నారంటే అది బయటికి పోయే డబ్బు. ఆ రూపాయిని వెనక్కి తీసుకోకుండా మనకే వదిలేశారని నేను ఇప్పటికీ కాస్త గర్వంగానే చెప్పుకుంటాను.

పాన్ ఇస్తే జీఎస్టీ. ఇక్కడ లెక్క చేద్దాం. మన ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవాళ్లకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఏడాదికి 40 లక్షల అమ్మకం దాటితే. నా డాయిలీ 250 రూపాయలు. 40 లక్షలు చేరాలంటే 16,000 డాయిలీలు, ఆదివారాలు, అట్లతద్ది, సంక్రాంతి కలుపుకుని రోజుకి 44. ఆ స్థాయికి చేరితే చెప్పండి, నోటీసుకి హారతి పట్టి లోపలికి పిలుద్దాం. పక్క రాష్ట్రానికి నేరుగా పంపేదైతే, చేతి ఉత్పత్తులకి 20 లక్షల దాకా రిజిస్ట్రేషన్ లేకుండా వెసులుబాటు ఇచ్చారు. దానికి షరతులు రెండు. సరుకు విలువ ఎంతైనా ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్లో తీసే చీటీ) తీయాలి. రెండోది ఏంటో తెలుసా? పాన్ ఉండాలి! పెద్ద సైట్లలో కొట్టు తెరిచి రాష్ట్రం దాటి అమ్మితే లెక్క వేరు, అక్కడ జీఎస్టీ నంబరు అడుగుతారు, అది నిజమే. కానీ అక్కడ కూడా పాన్ దాచుకుంటే మనకే చేటు. పాన్ ఇచ్చిన వ్యక్తికి ఏడాదికి 5 లక్షల అమ్మకం దాకా ఆ సైటు ఆదాయపు పన్ను కోయదు. ఇవ్వనివాళ్ల దగ్గర నూటికి 5 కోస్తుంది.

అయినా ఈ భయం గాల్లోంచి పుట్టలేదని నేను ఒప్పుకుంటాను. 2025 జూలైలో కర్ణాటకలో యూపీఐ లెక్కలు చూసి చిన్న చిన్న దుకాణాలవాళ్లకి నోటీసులిచ్చారు. బెంగళూరులో క్యూఆర్ స్టిక్కర్లు పీకేసి 'నగదు మాత్రమే' అని అట్టలు కట్టారు. అది చూసినవాళ్లు హడలిపోవడంలో తప్పులేదు. అందులో మనకి పనికొచ్చే ముక్క ఒకటుంది. చీటీ డబ్బు, మరిదిగారు పంపిన పిల్లల ఫీజు, కొబ్బరికాయలమ్మిన డబ్బు, లేసు డబ్బు అన్నీ ఒకే ఖాతాలో కలగాపులగం చేస్తే, రేపెవరైనా అడిగినప్పుడు ఏది ఏదో చెప్పలేం. అమ్మకాలకి విడిగా ఓ ఖాతా పెట్టుకోండి. అంతేగానీ పాన్ పరుపు కింద దాచుకోకండి. బ్యాంకు దగ్గర అది ఎప్పట్నుంచో ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. పైన చెప్పినవన్నీ తెలియక రాసినవే అనుకుందాం. ఈ ఆఖరుది తెలిసే రాశారు.

నా చిన్ననాటి స్నేహితురాలు ఒకావిడ, పేరు చెప్పను, ఊరు చెప్పను. తనకి వెరిఫికేషన్ రెండుసార్లు తిరిగొచ్చింది. ఇలాంటి కుర్రాడే ఒకడు దొరికాడు. "అక్కా, మీకెందుకు ఈ తలనొప్పి, నా ఖాతా రెడీగా ఉంది" అన్నాడు. రెండు నెలలు బాగానే ఇచ్చాడు, నూటికి ఐదు పట్టుకుని. సంక్రాంతికి ముందు ఆరు టేబుల్ క్లాత్‌ల ఆర్డరు వచ్చింది, 38,400 రూపాయలు. కొన్నావిడ ఆ కుర్రాడి ఖాతాకి వేసేసింది. అదే ఖాతాలోకి ఇంకెక్కడో, ఏదో రాష్ట్రంలో మోసపోయిన మనిషి డబ్బు కూడా వచ్చి పడి ఉంది. ఆ మనిషి 1930కి, అంటే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరుకి, ఫోన్ చేశాడు. బ్యాంకు ఖాతా నిలిపేసింది. దొంగ డబ్బుతో పాటు మా వాళ్ల లేసు డబ్బు కూడా లోపలే ఉండిపోయింది.

తర్వాత ఏం చేయాలి? బ్యాంకుకి వెళ్తే "ఖాతా మీది కాదు కదమ్మా" అన్నారు. కరెక్టే, కాదు. డబ్బు పంపినావిడ తన రసీదు చూపించింది, అందులో కుర్రాడి పేరుంది. అతని ఫోను స్విచాఫ్. సరుకు తనే అమ్మానని చూపించడానికి స్నేహితురాలి దగ్గర ఒక్క కాగితం లేదు. చేతిపని చేసిన పదకొండుమంది ఆడవాళ్లు భోగి ముందురోజు గుమ్మంలో నిలబడ్డారు. వాళ్లకి కూలీ ఇవ్వడానికి తను చెవి దుద్దులు కుదువ పెట్టింది. ఆ దుద్దులు ఇంకా విడిపించలేదు.

మెసేజ్ రాసిన మహానుభావా, "వెరిఫై అయిన ఖాతా" అంటే అర్థమేంటి? ఆ మనిషి ఫలానా అని ఎవరో చూసి ఒప్పుకున్నారని. ఎవరిని చూశారు? అతన్ని. మనల్ని కాదు. కాగితం మీద ఆ లేసు అల్లింది అతను, అమ్మింది అతను, సంపాదన అతనిది. మనం లేము. ఇక ఓటీపీ. మన ఆధార్‌కి వచ్చిన ఓటీపీ చెప్పామంటే, కుర్రాడు మన పేరుతో ఓ ఖాతా తెరవడానికి మనం తల ఊపినట్టే. రేపు అందులోకి ఎవడి డబ్బు వచ్చినా, పోలీసులు తలుపు కొట్టేది మన ఇంటిది. పాన్ ప్రమాదం, ఓటీపీ క్షేమం! తలుపుకి తాళం వేసి, తాళంచెవి దొంగ చేతికిచ్చి, "బాబూ, కాస్త చూస్తూ ఉండు" అన్నట్టుంది. అదీ నూటికి ఐదు ఎదురిచ్చి. పేమెంట్ గేట్‌వేలు (ఆన్‌లైన్లో డబ్బు వసూలు చేసి మన ఖాతాకి పంపే కంపెనీలు) మామూలుగా తీసుకునేది నూటికి రెండు, దానిమీద జీఎస్టీ.

"మీ ఖాతా వాడుకోనిస్తే నెలకి మూడు వేలిస్తాం" అనే రకం కూడా తిరుగుతున్నారు. అది ఇదే పని, అటువైపు నుంచి.

సరే, కోపం కాస్త దిగాక ఒకటి చెప్పాలి. మెసేజ్‌లో ఒక వాక్యం, "దుకాణం లైసెన్సు లేనివాళ్లకి ఎలాగూ అవ్వదు" అన్నది, కారణం తప్పైనా, చాలామంది విషయంలో జరిగేది మాత్రం అదే. నాకు మూడుసార్లు తిప్పి కొట్టారు. కారణం ఒకే ముక్క: వివరాలు సరిపోలలేదు. ఏ వివరం, ఎక్కడ, చెప్పరు. వీడియో కేవైసీ (వీడియో కాల్లో మనిషినీ కాగితాల్నీ చూసి నిర్ధారించుకోవడం) అన్నారు, ట్యూబ్‌లైటు వెలుగు పాన్ కార్డు లామినేషన్ మీద పడి అక్షరాలు కనబడట్లేదని కట్ చేశారు. రెండోసారి వర్షానికి సిగ్నల్ పోయింది. మూడోసారి పెరట్లో కొబ్బరిచెట్టు కింద పగటి వెలుగులో నిలబడి చూపిస్తే అప్పుడు చూశారు, చూసి పేరు దగ్గర ఆగారు. పాన్‌లో పుట్టింటి ఇంటిపేరు. పాస్‌బుక్‌లో అత్తింటి ఇంటిపేరు. ఆధార్‌లో రెండూ లేవు, ఒక పొడి అక్షరం, చుక్క.

మనిషికి పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా ఒకటే పేరు, అదీ ఒకటే వరసలో ఉంటుందనుకునేవాడు కట్టిన వ్యవస్థ ఇది. ఇంటిపేరు ముందు రాసుకునే ఊరు, పెళ్లితో ఇంటిపేరు మారే ఆడది వాడి లెక్కలో లేవు. పాన్ నంబరే చూడండి. నాలుగో అక్షరం పి అంటే వ్యక్తి. ఐదో అక్షరం ఇంటిపేరు మొదటి అక్షరం. పెళ్లయ్యాక కార్డు మీద పేరు మార్పించుకున్నా నంబరు మారదు, పుట్టిల్లు ఆ ఐదో అక్షరంలో అలాగే కూర్చుని ఉంటుంది.

దీనికి మందు కుర్రాడి ఖాతా కాదు, మూడు కాగితాల్లో పేరు ఒకటి చేసుకోవడం. కేవైసీకి ఆర్‌బీఐ పెట్టిన నిబంధనల్లోనే ఉంది: పెళ్లి వల్ల పేరు మారితే, ప్రభుత్వం ఇచ్చిన వివాహ ధ్రువపత్రమో గెజిట్ ప్రకటనో జత చేస్తే పాత పేరున్న కాగితం కూడా చెల్లుతుంది. ఈ ముక్క కౌంటర్లో కూర్చున్న అబ్బాయికి తెలియకపోతే మర్యాదగా మేనేజరుగారి దగ్గరికి వెళ్లండి. నేను అలాగే చేశాను. నాలుగోసారికి అయింది.

నిన్న రాత్రి ఇదంతా పిన్నిగారికి ఫోన్లో చెప్పాను. అంతా విని, "అయితే నా పాన్‌లో ఐదో అక్షరం ఏంటో చూడు" అన్నారు. చూస్తే అది పుట్టింటిదీ కాదు, అత్తింటిదీ కాదు, అప్పట్లో ఫారం నింపినాయన పిన్నిగారి పేరునే ఇంటిపేరు గడిలో రాసి పంపాడు. సోమవారం ఇద్దరం బ్యాంకుకి వెళ్తున్నాం. ధ్రువపత్రం తెమ్మంటే, "దానికన్నా ముందుది ఉంది నా దగ్గర" అని 1984 నాటి శుభలేఖ ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఉంచారు. అది చెల్లదు పిన్నీ అంటే వినడంలేదు.