ముంగిసను వదిలితే ఎలుకలు పోతాయా?

మళ్లీ వచ్చింది. ఫ్యామిలీ గ్రూపులో, ఆఫీసు గ్రూపులో, అది చాలదన్నట్టు ఒక మిత్రుడు "తప్పక చదవండి" అని తగిలించి విడిగా కూడా పంపాడు. "14 తోడేళ్లను వదిలితే నది దారి మార్చుకుంది" అనే మెసేజ్, దాని కింద ప్రకృతి నేర్పే అయిదు సత్యాలు. చూసీ చూడనట్టు వదిలేద్దును గానీ, ఆ అయిదోది చదివాక కుదరలేదు.

ముందు నది సంగతి. తోడేళ్లు దుప్పుల్ని తగ్గిస్తే ఒడ్డున చెట్లు పెరిగి, ఒడ్డు గట్టిపడి నది దారి మారిందట. అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కులో 1995లో 14, మరుసటి ఏడాది 17 తోడేళ్లను కెనడా నుంచి తెచ్చి వదిలారు, నిజమే. ఎల్క్ దుప్పులు బాగా తగ్గాయి, అదీ నిజమే. కానీ ఎలుగుబంట్లు, ప్యూమాలు అనే పెద్ద పిల్లులు కూడా వాటిని తింటున్నాయి, పార్కు హద్దు దాటినవాటిని మనుషులు కాల్చారు, మధ్యలో కరువు వచ్చింది. పేరు మాత్రం మొత్తం తోడేలుకే! పైగా అక్కడ కొమ్మలతో వాగులకు కట్టలు కట్టే బీవర్లు అనే జంతువులు పోయాక, ఆ కట్టలు లేక వాగులు లోతుగా కోసుకుపోయి, ఒడ్డున నీటిమట్టం దిగిపోయింది. పరిశోధకులు దుప్పులు రాకుండా కంచె వేసి పదేళ్లు చూశారు. కంచె మాత్రమే ఉన్నచోట, దుప్పులు మేసే విల్లో మొక్కలు పెద్దగా ఎదగలేదు, కంచెతో పాటు వాగుకు అడ్డుకట్ట కూడా వేసినచోట ఏపుగా లేచాయి. మేసే నోరు లేకపోతే సరిపోదు, వేరుకు నీళ్లు అందాలి. తోడేలు వచ్చి కట్ట కట్టదు కదా.

రెండోది: "వేటాడే జంతువు ముసలివాటిని, రోగిష్ఠివాటినే తింటుంది." పిల్లల్ని కూడా తింటుందండీ. అవి ముసలివా, రోగిష్ఠివా? తర్వాతది చూద్దాం.

"లింక్స్ పెరిగితే కుందేళ్లు తగ్గుతాయి, లింక్స్ తగ్గితే కుందేళ్లు పెరుగుతాయి, అదే బ్యాలెన్స్." లింక్స్ అంటే కుందేళ్లను తిని బతికే ఒక అడవిపిల్లి. కెనడాలో బొచ్చుతోళ్ల వ్యాపారం చేసిన హడ్సన్స్ బే కంపెనీ లెక్కల్లో కనిపించే, సుమారు పదేళ్లకోసారి తిరిగొచ్చే ఎత్తుపల్లాలను బ్యాలెన్స్ అనడానికి ధైర్యం కావాలి. సరే, కుందేళ్ల లెక్క లింక్స్ ఒక్కటే తేలుస్తుందా? కెనడాలోని యూకాన్ అడవుల్లో ఏళ్ల తరబడి పరీక్షించారు. వేటాడే జంతువులు రాకుండా కంచె వేస్తే కుందేళ్లు దాదాపు రెట్టింపయ్యాయి, అదనంగా తిండి వేస్తే మూడు రెట్లు, రెండూ కలిపి చేస్తే సుమారు 11 రెట్లు. అంటే ఆకలీ లింక్సూ కలిసి పనిచేస్తున్నాయి. నిజానికి లింక్స్ బతుకే కుందేలు చేతిలో ఉంది, కుందేళ్లు కూలిన ఏడాదికో రెండేళ్లకో అదీ కూలుతుంది.

ఇక అసలు ప్రమాదం అయిదోది. "ఏ పీడ పెరిగినా దాని సహజ శత్రువును తెచ్చి వదలండి, మందులక్కర్లేదు." ఈ మాట నమ్మినవాళ్లు మనకంటే ముందే ఉన్నారు. చెరుకు తోటల్లో ఎలుకల కోసం 1872లో ఇండియా నుంచి ముంగిసలను జమైకాకు పట్టుకెళ్లారు, వాటి సంతానాన్ని 1883లో హవాయికి తరలించారు. ముంగిస తిరిగేది పగలు, ఎలుకలు ఎక్కువగా తిరిగేది రాత్రి. దొరికిన ఎలుకను తింటుంది, లేదంటే పస్తుండదు కదా, నేలమీద గూడు పెట్టే పక్షుల గుడ్లు, పిల్లలు, బల్లులు, ఏది దొరికితే అది. ఎలుకలు ఇప్పటికీ నిక్షేపంగా ఉన్నాయి. లింక్స్‌కు కుందేలు తప్ప పెద్దగా గతి లేదు కాబట్టి కుందేళ్లు తగ్గితే అదీ తగ్గుతుంది, మిగిలిన కుందేళ్లకు ఊపిరి ఆడుతుంది. ముంగిసకు ఆ బెంగే లేదు. పక్షులు చివరి జంటకు వచ్చినా ముంగిసలు తగ్గవు, ఎందుకంటే వాటిని పోషించడానికి ఎలుకలూ పురుగులూ ఉన్నాయి. ఏ ఎలుకను చంపమని తెచ్చారో ఆ ఎలుకే దాన్ని మేపుతోంది! జపాన్‌లోని అమామి ఒషిమా దీవిలో 1979లో హబు అనే విషసర్పాల కోసం దాదాపు 30 ముంగిసలను వదిలారు. హబు కూడా రాత్రి తిరిగేదే. ముంగిసలు వేలల్లోకి పెరిగి, అక్కడి అరుదైన అమామి కుందేలు మీద పడ్డాయి. బోనులు పెట్టి, కుక్కలతో వెతికించి, ముంగిసలను పూర్తిగా నిర్మూలించామని 2024లో గానీ ప్రకటించలేకపోయారు. కాలిఫోర్నియా నారింజ తోటల్లో 1888లో ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన అక్షింతల పురుగు పొలుసు పురుగును అణచిన మాట వాస్తవం, కానీ అది దాదాపు ఆ ఒక్క పురుగునే తింటుంది. మెసేజ్‌లో ఆ షరతు ఏదీ?

నాలుగోది దాటేశాను, కావాలనే. "శత్రువు ముట్టుకోకపోయినా భయమే చాలు, సంతతి తగ్గుతుంది." సినిమా డైలాగులా ఉంది గానీ, ఒప్పుకోక తప్పదు, ఇది నిజం. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా దగ్గరి చిన్న దీవుల్లో పిచ్చుకల గూళ్లకు వలలు కట్టి, కరెంటు కంచెలు పెట్టి అసలు శత్రువులేవీ చేరకుండా చేశారు. కొన్నిచోట్ల స్పీకర్లలో శత్రువుల అరుపులు, మిగతాచోట్ల హాని చేయని జంతువుల అరుపులు వినిపించారు. శత్రువుల అరుపులు విన్నవాటికి ఆ ఏడాది పిల్లలు 40 శాతం తగ్గాయి. పెట్టే గుడ్లు తక్కువ, పొదిగి లేచేవి తక్కువ, గూటికి తెచ్చే తిండీ తక్కువ. లింక్స్ తగ్గాక కూడా కుందేళ్లు కొన్నేళ్లు పుంజుకోకపోవడానికి తల్లి ఒంట్లో పేరుకున్న ఆ టెన్షన్ ఒక కారణమని పరిశోధకులు అంటున్నారు. మెసేజ్ రాసినాయన దీనికి ఒక్క వాక్యం విదిల్చి, సహజ శత్రువుకు మాత్రం పేరా మొత్తం రాసిచ్చాడు.