మెట్ల గ్రిల్లు గారికి కింది వాటా వాళ్లు రాయునది

మహారాజశ్రీ మెట్ల గ్రిల్లు గారి దివ్యసముఖమునకు,

కింది వాటాలో అద్దెకుంటున్న మేము నమస్కరించి రాయునది ఏమనగా, మేమంతా క్షేమం. మీరూ, మీ తాళమూ, వానకి తడవకుండా ఆ తాళానికి కట్టిన ప్లాస్టిక్ కవరూ క్షేమమేనని తలుస్తాం.

మిమ్మల్ని ఎరగనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పాలి. విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు ఏ సందులోకి తిరిగినా మీ బంధుమిత్రులే కనిపిస్తారు. కింద రెండు వాటాలు అద్దెకిచ్చి మేడ మీద ఓనర్లు ఉంటారు. మూడు మెట్లు ఎక్కగానే మీరు. ఇనప కమ్మీలు, ఆకుపచ్చ పెయింటు, అరచేతంత తాళం. తాళంచెవి మాత్రం మేడ మీద గుమ్మం పక్కన మేకుకి వేలాడుతుంది. దొంగల భయంతో మిమ్మల్ని పెట్టించారట. దొంగ వస్తే ముందు మా వాటాలో పడతాడు, మా అరుపులకి మేడ మీద వాళ్లకి మెలకువొస్తుంది, ఈలోపు మీరు అడ్డుంటారు. ప్లాన్ బాగానే ఉంది. అద్దె కడుతూ కాపలా కూడా కాస్తున్నందుకు మేమెప్పుడూ జీతం అడగలేదు, అది మాత్రం గమనించగలరు.

మీ చరిత్రలో బంగారు అక్షరాలతో రాయాల్సిన రోజు 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. అప్పటికి ఊరు ఊరంతా కృష్ణ వైపు చూస్తోంది. ప్రకాశం బ్యారేజీకి ఇన్‌ఫ్లో ఎంత, గేట్లు తట్టుకుంటాయా, కరకట్ట నిలుస్తుందా అని ఒకటే టెన్షన్. మర్నాటికి అది 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. ఆ బ్యారేజీ అంత వరద ఎన్నడూ చూడలేదు. టీవీల వాళ్లంతా అక్కడే ఉన్నారు. బుడమేరు వాగు మాత్రం వెనక దారిన వచ్చింది. 'విజయవాడ దుఃఖదాయని' అని దానికి ఊరికే బిరుదు ఇవ్వలేదు. కొండపల్లి వైపు డైవర్షన్ కాలవ గట్టుకి మూడు చోట్ల గండి పడింది. కొల్లేరుకి పోవాల్సిన నీళ్లు దారిలో మా ఇళ్లలో బస చేశాయి.

కాఫీల వేళకి చీలమండలు. టిఫిన్ల వేళకి మోకాళ్లు. మంచం మీద బల్ల, బల్ల మీద టీవీ, టీవీ మీద పిల్లల సర్టిఫికెట్ల సంచి, ఇలా మా సంసారాన్ని మేం కూడా అంతస్తులు వేసుకుంటూ పోయాం. ఇటుకలు పెట్టి ఎత్తు చేసిన ఫ్రిజ్ కాసేపు నిలబడి, తర్వాత తేలి, ఆపైన బోర్లా పడింది. నీళ్లు నడుం దాటాక ఇక మీ దగ్గరికే వచ్చాం. మేమూ, వెనక వాటాలో ఇడ్లీ బండి నడిపే అక్కా, వాళ్లాయనా, పిల్లలూ. కమ్మీలు పట్టుకుని అరిచాం.

"ఎవరూ?" అని పైనుంచి పిన్నిగారి గొంతు.

"మేమే పిన్నిగారూ, కింద వాళ్లం."

"ఏం కావాలమ్మా?"

తప్పు ఆవిడది కాదు. మీ అవతలి నుంచి మాట్లాడేవాళ్లకి ఆ ప్రశ్న అలవాటైపోయింది. పాలవాడినీ అదే అడుగుతారు, కొరియర్ కుర్రాణ్నీ అదే అడుగుతారు. "ఏం లేదు పిన్నిగారూ, మెట్లు కావాలి," అంది అక్క. మేకు మీద తాళంచెవి లేదు. బాబాయిగారు నిన్నటి ప్యాంటు జేబులన్నీ వెతికారు. చివరికి దేవుడి గూట్లో దొరికింది. తాళం తీస్తూ పిన్నిగారు, "చెప్పులు అక్కడే విడిచి రండి," అన్నారు. మా చెప్పులు అప్పటికే ఎదురింటి వాళ్లని పలకరించడానికి వెళ్లిపోయాయి.

అయినా మీరు తెరుచుకున్నారు. మిమ్మల్ని తిట్టబోయే ముందు ఆ మాట రాసి పెట్టాలి. ఎందుకంటే ఎదురింటి గ్రిల్లు గారు తెరుచుకోలేదు. ఆ ఇంటి కింద వాటా వాళ్లు పిట్టగోడ ఎక్కి, సన్‌షేడ్ పట్టుకుని పక్క డాబా మీదికి పాకారు. వాళ్లు పాకుతున్న వీడియో ఆ మేడ మీది కిటికీలోంచే తీశారు. చేతులు జోడించిన బొమ్మ పెట్టి, 'విజయవాడ కోసం ప్రార్థించండి' అని స్టేటస్ కూడా పెట్టారు. వీడియో చాలా క్లియర్‌గా వచ్చింది. చెయ్యి వణికితే కదా.

ఇక మా మేడ మీద సంగతి. కరెంటు పోయింది. ఇన్వర్టర్ కింద మెట్ల సందులోనే ఉండేది, అదీ పోయింది. మోటారు నీళ్లలో ఉంది. చుట్టూ కనుచూపు మేర నీళ్లే, వాడుకోడానికి ఉన్నది ట్యాంకులో మిగిలినవే. ఎండాకాలమంతా మేం మోటారు ఎక్కువసేపు వేస్తున్నామని పోట్లాడిన బాబాయిగారు ఒక వెదురు కర్ర ముంచి లెక్క చూసి, ఇంటిల్లిపాదికీ సమానంగా పంచారు. పైగదిలో ఉండే బ్యాచిలర్ కుర్రాళ్లకీ అంతే, ఆయన మనవడికీ అంతే. ఆయన అంత ధర్మంగా ఉండగలరని మాకు తెలీదు. బహుశా ఆయనకీ తెలీదు.

ఇడ్లీ బండి అక్క ఇల్లొదిలేటప్పుడు నెత్తిన పెట్టుకుని తెచ్చింది టీవీ కాదు, రవ్వ బస్తా. ఆవిడ గ్యాస్ సిలిండర్ తనే తేలుకుంటూ వచ్చింది, నిండు సిలిండర్ కూడా తేలుతుందని ఆ రోజే చూశాం. దాని మెడకి చీర కట్టి, మీ కమ్మీకి ముడేసి, తర్వాత పైకి లాగాం. అదే మమ్మల్ని బతికించింది, మేడ మీద సిలిండర్ ఆఖరుకొచ్చి ఉంది. పిన్నిగారి వంటింటి గడప పనమ్మాయి కూడా దాటదు. అంట్లు బయట పెడితే బయటే తోముతుంది. అలాంటిది రెండో రోజుకి అక్క ఆ వంటింట్లో నిలబడి ఉప్మా తిప్పుతోంది. పిన్నిగారు పక్కన కూర్చుని పచ్చిమిరపకాయలు తరిగి ఇస్తున్నారు. ఉప్పు తక్కువైందని బాబాయిగారు గొణిగితే ఇద్దరూ కలిసి ఆయన మీద పడ్డారు.

బయటి నుంచి సాయం రాలేదని కాదు. హెలికాప్టర్లు తిరిగాయి. డ్రోన్లు పొట్లాలు మోశాయి, దేశంలో ఇలా కొత్త అన్నారు, సంతోషం. మా సందుకి వచ్చిన డ్రోన్ మాత్రం కేబుల్ వైర్ల గుత్తి చూసి దణ్ణం పెట్టి వెళ్లిపోయింది. పడవలు మెయిన్ రోడ్డు దాటి లోపలికి రాలేదు. ప్రైవేటు పడవ వాళ్లు ఫ్లైఓవర్ దాకా దింపడానికి వేలల్లో అడిగారు. మా దాకా వచ్చింది సందు చివర అరుగు మీద కూర్చునే కుర్రాళ్లు. లారీ ట్యూబు మీద తలుపు చెక్క కట్టుకుని పాల ప్యాకెట్లు, మంచినీళ్ల సీసాలు, ముసలాయన బీపీ మాత్రలు తెచ్చారు. వాళ్లు మీకు బాగా తెలుసు. అంతకు వారం ముందే వినాయక చవితి చందాకి వచ్చి మీ ముందు నిలబడితే, లోపల్నుంచి "ఓనరుగారు లేరు" అని ఓనరుగారే చెప్పారు. ఇప్పుడు పిన్నిగారు కమ్మీల సందులోంచి ఐదొందల నోటు అందించారు. మొహమాటపడతారనుకున్నాం. పడలేదు, చక్కగా తీసుకుని చందా పుస్తకంలో రాసుకున్నారు. ఆఖరి గండి పూడ్చేసరికి సెప్టెంబర్ 7, సరిగ్గా చవితి రోజు. ఆ ఏడు మా సందులో పందిరి వేయలేదు. రసీదు మాత్రం ఇచ్చి వెళ్లారు.

అదే ఆదివారం ఖమ్మంలో మున్నేరు పొంగింది. ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోయారు. సుభాన్ ఖాన్ అనే జేసీబీ డ్రైవర్ బండేసుకుని వరదలోకి వెళ్లి అందరినీ తీసుకొచ్చాడు. వాళ్లు ఆయనకి పక్కింటివాళ్లు కారు, అద్దెకున్నవాళ్లూ కారు. "ఏం కావాలి?" అని అడగడానికి ఆయనకి మీలాంటివారి తోడు లేదనుకుంటాం.

నీళ్లు తీశాయి. ఇల్లలకగానే పండగ కాదంటారు, మాకు అలకడమే ఒక పెద్ద పండగైంది. మడమ లోతు బురద. నల్లగా, జిగురుగా, డ్రైనేజీ కంపుతో. ఫైరింజన్లు వచ్చి వీధులూ ఇళ్లూ కడిగాయి, వేరే ఊళ్ల నుంచి పారిశుధ్య కార్మికులొచ్చి చెత్త ఎత్తారు. వాళ్ల రుణం తీరేది కాదు. పరుపు ముగ్గురం కలిసినా లేవలేదు. మిక్సీ విప్పితే లోపల్నుంచి చిన్న చేప పడింది, పిల్లలు నవ్వారు, వాళ్లమ్మ ఏడ్చింది. బైకు మెకానిక్ దగ్గరికి తోసుకెళ్తే అక్కడ కిలోమీటరు లైను. ఇక్కడి దాకా కూడా మీరు తెరిచే ఉన్నారు. ఫినాయిలు సీసా, పాత దుప్పట్లు, రాత్రి పూట కూర గిన్నె మీ మీదుగానే కిందికి దిగాయి.

ఆ తర్వాత లెక్కలు రాసుకునేవాళ్లొచ్చారు.

గ్రౌండ్ ఫ్లోర్ మునిగితే 25,000 రూపాయలు. ఫస్ట్ ఫ్లోర్, ఆపైన ఉన్నవాళ్లకి 10,000. బైకుకి 3,000. ప్రభుత్వాన్ని తప్పు పట్టడం లేదు, లక్షల మందికి పంచేటప్పుడు ఏదో ఒక కొలత ఉండాలి. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద మరక చెప్తుంది, దాన్ని ఫోటో తీయొచ్చు. ఎవరి గ్రిల్లు తెరుచుకుందో గోడ చెప్పదు. ఫారంలో దానికి గడి లేదు. ఉంటే ఎదురింటివాళ్లు ఏం నింపేవారో చూడాలని మాకు ఇప్పటికీ సరదా.

కొలత వచ్చింది, దాంతోపాటు పదిహేను వేల తేడా వచ్చింది. అన్ని నీళ్లు చేయలేని పని ఆ పదిహేను వేలు చేసింది. "మీకేంటమ్మా, పాతిక వేలు," అన్నారు పిన్నిగారు, మా ఫ్రిజ్ ఇంకా వాకిట్లో బోర్లా ఉండగానే. బాబాయిగారిది ఇంకో వాదన. కింది వాటా కూడా తనదే కాబట్టి కింద మునిగింది కూడా తనే అని. నిజం చెప్పుకోవాలి, ఆయన కారూ, మోటారూ, ఇన్వర్టరూ కింద ఉండే పోయాయి. మేడ మీద ఉన్నందుకు ఆయన నష్టం కూడా మేడెక్కిందని లెక్క కట్టారు. ఆ బాధ మాకు తెలుసు. కానీ ఉంటున్నవాళ్లకే డబ్బని వార్డు సచివాలయం వాళ్లు చెప్పేశారు. అక్కకి వచ్చిన డబ్బులో సగం బండి చక్రాలకే పోయింది. అది చూశాక కూడా "ఉప్మాకి మా నెయ్యే కదా వేసింది" అనే మాట పైనుంచి వినిపించింది. రవ్వ ఎవరిదో అక్క అనలేదు. మేం అందాం అనుకున్నాం, అద్దె గుర్తొచ్చి ఆగిపోయాం.

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ల గురించి విన్నాం. తెప్పకి కొత్త తాళం వేయించేవాళ్లని మాత్రం మా మేడ మీదే చూశాం. లిస్టు సచివాలయం గోడకి అంటించిన సాయంత్రమే మీకు కొత్త తాళం పడింది. పాతది వరదలో పాడైందన్నారు. నిజంగానే పాడై ఉండొచ్చు, ఇనుము ఇనుమే. వంటింటి గడపకి తాళం అక్కర్లేదు కాబట్టి అది దానంతటదే మూసుకుంది. పనమ్మాయి మళ్లీ అంట్లు బయటే తోముతోంది. అక్క బండి సందు మొదట్లో నడుస్తోంది. బాబాయిగారు రోజూ నాలుగిడ్లీలు పార్శిల్ కట్టించుకుంటారు, చట్నీ ఎక్కువ వేయమంటారు, డబ్బులు ఇచ్చేస్తారు.

కాబట్టి గ్రిల్లు గారూ, మనుషులు వరదలో మంచివాళ్లు, వరదకీ వరదకీ మధ్య ఓనర్లు అనే మీ అభిప్రాయం మాకు అర్థమైంది. మాకున్న భయం వేరు. నడుం దాకా నీళ్లొస్తే తాళంచెవి వెతకడానికి ఓ కారణం ఉంటుంది. మొన్న అక్క వాళ్లాయనకి రాత్రిపూట గుండెలో నొప్పొస్తే నీళ్లేమీ రాలేదు. కమ్మీలు కొట్టాం. "ఎవరూ? ఏం కావాలి?" అన్న గొంతు మాత్రం వచ్చింది. బాబాయిగారు దిగి వచ్చేసరికి సందు చివరి కుర్రాళ్లు ఆటో తెచ్చి ఎక్కించేశారు. ఆయన బాగానే ఉన్నాడు, గ్యాస్ నొప్పన్నారు. ఆ కుర్రాళ్లకి మాత్రం చవితి చందా ఈసారి మేమే ఎక్కువ రాశాం.

చిత్తగించవలెను.

ఇట్లు,
మీ మూడు మెట్ల కింద,
కింది వాటా వాళ్లు

తా.క.: వరద నీళ్లలో నానడం వల్ల మీ కింది కమ్మీలు తుప్పు పట్టాయట. కొత్త పెయింటు ఖర్చులో సగం ఈ నెల మెయింటెనెన్స్‌లో మా పేరున రాశారు. కట్టేస్తాం, గొడవేం లేదు. సగం డబ్బు పెట్టినవాళ్లకి ఒక తాళంచెవి ఉండాలి కదా బాబాయిగారూ అని అడిగాం. ఇంట్లో కనుక్కుని చెప్తానన్నారు.