పదిహేనుకు నాలుగు

(దూరవిద్యలో ఎంఏ చరిత్ర కట్టిన సుబ్బారావుకి భార్య శారద ఇంట్లోనే మోడల్ పరీక్ష పెట్టింది. ఇప్పుడు పేపరు దిద్ది చేతికిచ్చింది. ఇద్దరి మధ్యా బల్ల మీద ఒక ఎర్ర పెన్ను, ఒక పగిలిన టీవీ రిమోట్.)

సుబ్బారావు: ఎనిమిది పేజీలు రాస్తే నాలుగు మార్కులా? పేజీకి ఒకటి చొప్పున వేసుకున్నా ఎనిమిది రావాలే!

శారద: కాగితాలు తూకం వేసి మార్కులివ్వరండీ. ప్రశ్న ఇంకోసారి చదవండి.

సుబ్బారావు: "మొదటి ప్రపంచ యుద్ధానికి సరయేవో హత్యే కారణమా? చర్చించండి." చదివే రాశాను. 1914 జూన్ 28, ఆస్ట్రియా-హంగరీ సింహాసన వారసుడు ఫెర్డినాండ్ కారు, డ్రైవరు దారి తప్పడం, హంతకుడు ప్రిన్సిప్ తుపాకీ... కళ్లకు కట్టినట్టు లేదూ?

శారద: ఉంది. అది వర్ణన. నేనడిగింది చర్చ.

సుబ్బారావు: చర్చకి ఎదురుగా ఇంకో మనిషి ఉండాలి కదా. పరీక్ష హాల్లో పక్కవాడితో మాట్లాడితే బయటికి పంపేస్తారు.

శారద: ఆ ఇంకో మనిషీ మీరే. ఔనని కొంత, కాదని కొంత వాదించి, చివరికి మీరెటు మొగ్గారో చెప్పాలి. కాల్పులు జరిగింది జూన్ 28న. సెర్బియా మీద ఆస్ట్రియా-హంగరీ యుద్ధం ప్రకటించింది జూలై 28న. తుపాకీ ఒక్కటే కారణమైతే మధ్యలో నెల రోజులెందుకు? జర్మనీ ఎందుకు వెన్ను తట్టింది? రష్యా ఎందుకు సైన్యాన్ని కదిపింది? పొత్తులు, ఆయుధాల పోటీ ఏమయ్యాయి?

సుబ్బారావు: అవన్నీ నాకు తెలుసు.

శారద: మీకు తెలుసు, పేపరుకి తెలీదు. కారుకి మాత్రం పేజీన్నర!

(ఆ పేజీన్నరా నిజంగానే బాగుంది. మార్కులు పోయింది అక్కడే.)

శారద: ఈ రిమోటే చూడండి. కింద పడటం తక్షణ కారణం. మూత పోయి ఆర్నెల్లుగా రబ్బరు బ్యాండుతో నెట్టుకురావడం అసలు కారణం. దేనికెంత బరువుందో తేల్చాలి.

సుబ్బారావు: (కంగారుగా) రిమోట్ గొడవ ఇప్పుడెందుకులే. ఆ "పోల్చండి" సంగతి చెప్పు.

శారద: ఫ్రెంచి విప్లవం రెండు పేజీలు, రష్యా విప్లవం రెండు పేజీలు. పక్కపక్క ఇళ్లలో ఉంటూ మాటల్లేని వాళ్లలా ఉన్నాయి. రెంటినీ ఒకే వాక్యంలో కూర్చోబెట్టాలి. 1789లోనూ 1917లోనూ రొట్టెకి కటకటే. కానీ ఫ్రాన్సుని ముంచింది అయిపోయిన యుద్ధాల అప్పు, రష్యాని ముంచింది ఇంకా నడుస్తున్న యుద్ధం. అలా.

సుబ్బారావు: సరే. మరి "వర్సయిల్స్ సంధిని విమర్శనాత్మకంగా పరిశీలించండి" అంటే ఉతికి ఆరేశాను కదా! దానికీ సున్నాయేనా?

శారద: విమర్శ అంటే తిట్టడం కాదు. మంచీ చెడూ రెండూ ఎంచాలి, ఆధారం చూపాలి.

సుబ్బారావు: ముప్పై ఏళ్లుగా నన్ను విమర్శిస్తున్నావు. అందులో మంచి ఎప్పుడు ఎంచావు?

శారద: ఆధారం దొరకలేదు.

(సుబ్బారావు పేపరు మడిచాడు. మళ్లీ విప్పాడు.)

సుబ్బారావు: "సామ్రాజ్యవాదాన్ని నిర్వచించండి." రెండు మార్కుల ప్రశ్నకి పేజీ నిండా రాశాను. అది కూడా తప్పేనా?

శారద: అందులో అన్నీ ఉన్నాయి, నిర్వచనం తప్ప. రెండు వాక్యాల పని అది. పోనీ, చిన్న ప్రశ్నతో అలవాటు చేసుకుందాం. రిమోట్ పగలగొట్టింది ఎవరో పేర్కొనండి. ఒక మార్కు.

సుబ్బారావు: నిన్న సాయంత్రం బాగా చీకటి పడ్డాక, కరెంటు కూడా కాస్త...

శారద: పేర్కొనమన్నాను.

సుబ్బారావు: దీనికి అనేక కారణాలు...

శారద: ఒక్క మాటలో.

సుబ్బారావు: ...నేనే.

శారద: (ఎర్ర పెన్ను అందుకుని) అర మార్కు. కొట్టివేతలు ఎక్కువ.