ఊరికే దొరికే కోడ్ మనకెందుకు?

పబ్లిక్ డొమైన్ కోడ్ వాడే ప్రోగ్రామర్లు ఎక్కువైపోతున్నారు. ఎవరో రాసి, కాపీరైట్ కూడా వదులుకుని, 'తీసుకోండి బాబూ' అని వదిలేసిన కోడ్‌ని తెచ్చి తమ ప్రాజెక్టులో పెట్టుకోవడమా! ఆత్మగౌరవం ఉన్న ఇంజనీరు చేసే పనేనా?

ఎస్‌క్యూలైట్ సంగతే చూడండి. 2000లో రిచర్డ్ హిప్ మొదలుపెట్టిన ఈ డేటాబేస్ ఇవాళ ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఉంది, ఐఫోన్లలోనూ ఉంది. అసలు కోడ్ కన్నా దాన్ని పరీక్షించే కోడ్ కొన్ని వందల రెట్లు ఎక్కువ. అన్ని పరీక్షలు పెట్టారంటేనే తెలియడం లేదూ, తాము రాసింది తామే నమ్మడం లేదని! మన కోడ్‌కి పరీక్షలే ఉండవు. ధీమా అంటే అదీ.

పైగా ఉచితం. ఈ మాట కంపెనీ లాయర్లకి అస్సలు గిట్టదు. లైసెన్సు ఏదంటే అక్కర్లేదంటారు. అక్కర్లేదని కాగితం ఇవ్వమంటే? చివరికి వీళ్ల బాధ చూడలేక, కావాలన్నవాళ్లకి ఎస్‌క్యూలైట్ వాళ్లే డబ్బు తీసుకుని ఒక పత్రం ఇస్తున్నారు. కోడ్ అదే, హక్కులూ అవే. అదనంగా వచ్చేది లీగల్ డిపార్ట్‌మెంటుకి నిద్ర. (లాయర్ల భయం మరీ ఉత్తిదేం కాదు. జర్మనీలో అయితే రచయిత కాపీరైట్‌ని పూర్తిగా వదులుకుంటానన్నా చట్టం ఒప్పుకోదు.) ఈ తలనొప్పి కన్నా సొంతంగా డేటాబేస్ రాసుకోవడమే నయం. ఏ నాలుగైదేళ్లో పడుతుంది, అంతేగా.

టైమ్‌జోన్లయితే మరీ సులువు. టీజెడ్ డేటాబేస్ అని ఒకటుంది, అదీ పబ్లిక్ డొమైనే. ఏ దేశం ఎప్పుడు గడియారం మార్చినా వాలంటీర్లు అందులో రాసిపెడుతుంటారు. నేపాల్ టైము గ్రీనిచ్ కన్నా 5 గంటల 45 నిమిషాలు ముందుంటుందనీ, 2011లో సమోవా డిసెంబర్ 30ని క్యాలెండర్‌లోంచి ఎత్తేసిందనీ, అన్నీ ఇలాంటి చిల్లర విషయాలే. మనం ఇవేవీ పట్టించుకోం. గంటకో జోన్ చొప్పున 24, ఒక్క ఫర్ లూప్‌లో పని అయిపోతుంది. నేపాల్ వాళ్లు ఒక పావుగంట సర్దుకోవాలి. సమోవా నుంచి ఎవరైనా 'ఆ రోజు మాకు లేదండీ' అని ఫిర్యాదు చేస్తే, 'మా సిస్టమ్‌లో ఉంది' అని రాసి టికెట్ మూసేస్తాం.

మా ఆఫీసులో సొంత డేటాబేస్ రాసిన కుర్రాడు మొన్న ఉద్యోగం మారాడు. ఆ కోడ్ ఇప్పుడు పూర్తిగా మాదే, ఒక్క ముక్క అర్థం కాదన్న మాటే గానీ. బయట ఎవరికైనా అర్థమవుతుందేమో, పబ్లిక్ డొమైన్‌లో పెట్టి చూద్దామని మేనేజ్‌మెంట్ ఆలోచిస్తోంది.