ఐచ్ఛిక పేపరు గారికి

కర్నూలు నుంచి మూడేళ్ల లా కోర్సు ఆఖరి ఏడాది విద్యార్థి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

తమ పేరులోనే ఇచ్ఛ ఉంది. అది ఎవరి ఇచ్ఛో తెలియడానికి నాకు రెండేళ్లు పట్టింది. బార్ కౌన్సిల్ 2008 న్యాయవిద్య నిబంధనలు తెరిస్తే తమరు పెళ్లి భోజనంలా కనిపిస్తారు. రాజ్యాంగం, వ్యాపారం, నేరశాస్త్రం, వ్యవసాయం, మేధో సంపత్తి... కనీసం మూడు వర్గాల నుంచి ఆరు పేపర్లు ఎంచుకోవాలట. విస్తరి పెద్దదే, వడ్డించేవారే ఒక్కరు. ఆయనకు ఏది వస్తే అదే నా అభిరుచి.

మాకు కేసీ కాలువ కింద మూడెకరాలూ, పక్క పొలంవారితో ఒక గట్టు తగాదా ఉన్నాయి. అందుకని ఫారంలో భూ చట్టాలు అని రాశాను. మూడు రోజులకు గుమాస్తా ఫారం తిరిగిచ్చారు. నా అక్షరాల మీద వైట్నర్ పూసి, అది ఆరకముందే పెన్సిలుతో ‘మారిటైమ్ లా’, అంటే ఓడలూ సముద్ర రవాణా చట్టం, అని రాసినట్టున్నారు, గాట్లు పడ్డాయి. ‘భూమి అడిగింది ముగ్గురే బాబూ. ముగ్గురి కోసం క్లాసు నడుస్తుందా? సంతకం పెట్టు’ అన్నారు.

పెట్టాను. అప్పుడు 1872 నాటి కాంట్రాక్టు చట్టం గుర్తొచ్చింది. సమ్మతి స్వేచ్ఛగా ఉండాలంటుంది 14వ సెక్షను. బలవంతం జరిగిందా? లేదు, గుమాస్తా చేతిలో టీ గ్లాసు తప్ప ఏమీ లేదు. మరి అనుచిత ప్రభావం? అది 16వ సెక్షను. ఎదుటివారి ఇష్టాన్ని శాసించగల స్థితిలో ఉండి, ఆ స్థితిని వాడుకోవడం. ఇంటర్నల్ మార్కులు ఎవరి చేతిలో ఉంటాయో తమకు తెలియనిది కాదు. అలాంటి ఒప్పందాన్ని రద్దు చేసుకునే ఐచ్ఛికం నాదేనని 19-ఏ సెక్షను భరోసా ఇచ్చింది. కోర్సు మొత్తంలో నాకు దక్కిన అసలైన ఐచ్ఛికం అదొక్కటే. వాడుకుంటే సెమిస్టరు పోతుంది.

మాది వేసవిలో తుంగభద్ర రాళ్లు లెక్కపెట్టుకునే ఊరు. ఓడ అవసరపడింది 2009 అక్టోబరు వరదలో, అప్పుడు తమరు కనబడలేదు. అయినా చదివాను. చార్టర్ పార్టీ అంటే ఓడను అద్దెకు తీసుకునే ఒప్పందం. అది వినగానే రాజకీయ పార్టీ అనుకున్న వెనక బెంచీ మిత్రుడు, దాని ఎన్నికల గుర్తేమిటని రెండు వారాలు అడిగాడు. (రాయలసీమకు రాజధాని గానీ హైకోర్టు గానీ అన్న 1937 శ్రీబాగ్ ఒడంబడిక నాటి నుంచి హైకోర్టు కోసం చూసి చూసి, చివరికి హైకోర్టు బెంచి అయినా చాలన్న ఊళ్లో మాకు దక్కిన బెంచి ఆ వెనక బెంచీయే.)

జనరల్ యావరేజ్ మాత్రం మనసుకు పట్టింది. మునిగే ఓడను కాపాడటానికి కొందరి సరుకు సముద్రంలో పారేస్తే, ఆ నష్టాన్ని ఓడ యజమానీ మిగతా సరుకుదారులూ పంచుకోవాలట. టైంటేబులనే ఓడ కోసం నీళ్లలో పడింది మా ముగ్గురి భూమే కదా! కనీసం నోట్సు రూపంలోనైనా పరిహారం ఇప్పించమని మిగతావారిని అడిగాను. ‘మేము బ్యాంకింగు అడిగాం’ అన్నారు కొందరు. ‘మేము సైబర్’ అన్నారు ఇంకొందరు. క్లాసంతా వెతికినా సముద్రం అడిగినవాడు ఒక్కడూ దొరకలేదు.

పాసయ్యాను. మొన్న ఇంటికెళితే నాన్న పాస్‌బుక్కులూ అడంగల్ కాగితాలూ ముందు పెట్టి, ‘గట్టు రాయి మళ్లీ జరిపారు, ఏం చేద్దాం లాయరు గారూ?’ అన్నారు. చాలాసేపు చూసి, ‘ఆ రాయిని ఏ రేవులో ఎక్కించారు నాన్నా?’ అన్నాను. ఆయన కాగితాలు మళ్లీ గుడ్డలో మూటగట్టి, సర్వేయరు ఇంటికి బయలుదేరారు.

ఇట్లు,
తమ ఇచ్ఛకు లోబడిన
ఒక విద్యార్థి