సవరణ: అబద్ధం వేరు, గ్యాస్‌లైటింగ్ వేరు

మానిప్యులేషన్ (ఎదుటి మనిషి మనసుతో ఆడుకుని లొంగదీసుకోవడం) గురించి మొన్న రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి. చదివినవాళ్లందరికీ క్షమాపణలు.

మొదటిది చిన్నది. గ్యాస్‌లైటింగ్ అంటే ఎదుటివాళ్లకు తమ జ్ఞాపకం మీద, తమ మతి మీద తమకే అనుమానం వచ్చేలా చేయడం. ఆ మాటకు మూలం 1944 నాటి హాలీవుడ్ సినిమా అన్నాను. ఆ సినిమాకే ఆధారం ప్యాట్రిక్ హ్యామిల్టన్ రాసిన 'గ్యాస్ లైట్' నాటకం. దాన్ని 1938లో ఇంగ్లండ్‌లో తొలిసారి ఆడారు.

రెండోదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. 'భర్త దాచిన ప్రతి విషయమూ గ్యాస్‌లైటింగే' అని రాసేశాను. కాదు. ఆ నాటకంలో భర్త వస్తువులు తానే దాచి, నువ్వే పోగొట్టావంటాడు. నీకు మతి చలిస్తోందని భార్యను నమ్మిస్తాడు. చివరికి గదిలో గ్యాస్ దీపం మసకబారడం కళ్లారా చూస్తున్నా, ఆమెకు తన కళ్ల మీదే నమ్మకం సడలిపోతుంది.

మన ఇళ్లలోకి వద్దాం. భర్త తన తమ్ముడికి డబ్బిచ్చి, ఇవ్వలేదని భార్యతో అనడం అబద్ధం. బ్యాంకు మెసేజ్ ముందు పెట్టినా, "నీకు చెప్పే ఇచ్చాను కదా, మరిచిపోయావు. ఈమధ్య నీ బుర్ర పనిచేయడం లేదు, పిల్లలనడుగు" అని నెలల తరబడి సాధించడం గ్యాస్‌లైటింగ్. గ్యాస్ కట్టేశానా లేదా అని ఆవిడ వంటింట్లోకి నాలుగుసార్లు వెళ్లి చూసుకునే స్థితి వస్తుంది. "నీ కోసం ఇంత చేశాను, ఈమాత్రం చేయలేవా?" అన్నది మరోరకం మానిప్యులేషన్. అక్కడ జ్ఞాపకాన్ని కాదు, అపరాధభావాన్ని వాడుకుంటారు.

ప్రతి అబద్ధానికీ ఈ పేరు తగిలిస్తే, నిజంగా ఆ నరకం పడుతున్నవాళ్ల మాట తేలికైపోతుంది. ఆ వాక్యం తీసేశాను.